గుండె ఆపరేషన్ తర్వాత ఇన్ఫెక్షన్: బ్యాక్టీరియా చాలాసార్లు రోగితోపాటే వస్తుంది

గుండె ఆపరేషన్‌కు కొన్ని రోజుల ముందు ముక్కులోంచి స్వాబ్ తీసి ల్యాబ్‌కు పంపుతారు, రిపోర్టులో స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా పేరు వస్తుంది. ఇంకొకరికి ఆపరేషన్ అయి ఐదు రోజులైనా వెంటిలేటర్ తీయలేదు, శ్వాస గొట్టంలోంచి తీసిన కఫంలో క్లెబ్సియెల్లా అనే ఇంకో బ్యాక్టీరియా పెరిగిందని రిపోర్టు వస్తుంది. రెండుచోట్లా ఇంట్లోవాళ్ల టెన్షన్ ఒకటే, ఇన్ఫెక్షన్ పట్టుకుందా అని. ఆ కాగితం మాత్రం అంత మాట చెప్పడం లేదు. బ్యాక్టీరియా అక్కడ మకాం పెట్టిందని చెప్తోంది, అంతే. డాక్టర్లు దీన్ని కాలనైజేషన్ అంటారు. చర్మం మీదో, ముక్కులోనో, గొంతులోనో, పేగుల్లోనో బ్యాక్టీరియా ఉంటుంది, పెరుగుతుంది, కానీ లోపలి కణజాలంలోకి చొరబడదు, దానివల్ల జ్వరం రాదు, చీము పట్టదు, ఉన్నట్టు మనిషికి తెలియను కూడా తెలియదు.

అలాగని ఆ రిపోర్టును పక్కన పడేయడానికీ లేదు. గుండె ఆపరేషన్ తర్వాత వచ్చే ఇన్ఫెక్షన్లలో పెద్ద భాగానికి కారణమయ్యే బ్యాక్టీరియా ఎక్కడినుంచో కొత్తగా ఊడిపడదు. టేబుల్ ఎక్కేసరికే రోగి ఒంటిమీద ఉంటుంది, లేదంటే తర్వాత ఐసీయూలో గడిపిన రోజుల్లో వచ్చి చేరి, కొన్నాళ్లు ఊరికే ఉండి, దారి దొరికినప్పుడు లోపలికి పోతుంది. ఈ సంగతి పట్టుబడితే ఆసుపత్రిలో చేసే చాలా పనులు ఎందుకు చేస్తున్నారో తెలుస్తుంది. "ఎందుకైనా మంచిది, యాంటీబయాటిక్ ఇంకో వారం పెట్టండి" అని అడగడం ఎందుకు మంచిది కాదో కూడా తెలుస్తుంది.

ముక్కులోది గాయంలోకి ఎలా పోతుంది

ఏ జబ్బూ లేని పెద్దవాళ్లలోనే దాదాపు 20 నుంచి 30 శాతం మందికి ముక్కు రంధ్రాల ముందు భాగంలో ఆరియస్ స్థిరంగా ఉంటుంది. ఇంకొందరిలో వస్తూ పోతూ ఉంటుంది. ముక్కు దాని ప్రధాన స్థావరం, అక్కడినుంచి వేళ్ల ద్వారా చంకలకు, గజ్జలకు, ఛాతీ మీదికి చేరుతుంది. రక్తంలో ఆరియస్ ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్ల ముక్కులోని బ్యాక్టీరియానూ రక్తంలోని బ్యాక్టీరియానూ జన్యు పరీక్షతో పోల్చి చూసిన జర్మనీ అధ్యయనం ఒకటి 2001లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. 80 శాతానికి పైగా రోగుల్లో రెండూ ఒకే రకం. అంటే ఆ రోగుల్లో చాలామందికి రక్తంలోకి చేరింది వాళ్ల ముక్కులో ఉన్న బ్యాక్టీరియానే.

ఆపరేషన్‌కు ముందు చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్‌తోనో పోవిడోన్ అయోడిన్‌తోనో శుభ్రం చేస్తారు కదా అన్న ప్రశ్న వస్తుంది. చేస్తారు, ఆల్కహాల్ కలిపిన ద్రావణమైతే రెండిట్లో ఏదైనా పర్వాలేదు కూడా. గుండె, పొట్ట ఆపరేషన్లు చేయించుకున్న 3 వేలకు పైగా రోగుల మీద స్విట్జర్లాండ్‌లో చేసి 2024లో ప్రచురించిన ట్రయల్‌లో రెండు ద్రావణాలకూ ఫలితం దాదాపు సమానంగా వచ్చింది, గాయం ఇన్ఫెక్షన్లు ఒకవైపు 5.1 శాతం, ఇంకోవైపు 5.5 శాతం. కానీ ఏ ద్రావణమైనా చర్మం పైపొర మీద ఉన్నవాటిని చంపినంత బాగా వెంట్రుకల కుదుళ్లలో, నూనె గ్రంథుల్లో దాక్కున్నవాటిని చంపలేదు. గుండె ఆపరేషన్ గంటల తరబడి సాగుతుంది. ఆ గంటల్లో లోతున మిగిలినవి మెల్లగా పైకి వస్తాయి, కోసిన చర్మం అంచుల మీదుగా లోపలికి పోవడానికి వాటికి కావలసినంత సమయం ఉంటుంది. ఛాతీ మీద వెంట్రుకలను బ్లేడుతో గీయకుండా క్లిప్పర్‌తో కత్తిరించమనడం కూడా ఇందుకే. బ్లేడు చేసే కంటికి కనిపించని గాట్లు బ్యాక్టీరియా పెరగడానికి చక్కటి చోటు.

గుండె ఆపరేషన్‌కే ఇంత గొడవ ఎందుకు

ఎక్కువ గుండె ఆపరేషన్లలో రొమ్ము మధ్య ఎముకను, అంటే స్టెర్నమ్‌ను, రంపంతో నిలువునా కోస్తారు, పని అయ్యాక స్టీలు వైర్లతో బిగించి కడతారు. ఆ ఎముకకు రక్తం ప్రధానంగా రెండు పక్కలా దిగే ఇంటర్నల్ మామరీ ధమనులనుంచి అందుతుంది. బైపాస్ ఆపరేషన్‌లో గుండెకు కొత్త దారిగా వాడేది చాలాసార్లు ఆ ధమనుల్లో ఒకదాన్నే, ఎక్కువగా ఎడమవైపుది. అంటే గుండెకు రక్తం అందించడానికి, మానాల్సిన ఎముకకు అందే రక్తాన్ని తగ్గిస్తున్నారన్నమాట. రెండు ధమనులూ తీస్తే ఆ కొరత ఇంకా పెరుగుతుంది. ఒక ధమని, రెండు ధమనులు అని పోల్చిన ఏఆర్‌టీ అనే పెద్ద ట్రయల్‌లో స్టెర్నమ్ గాయం సమస్యలు ఒక ధమని తీసినవాళ్లలో 1.9 శాతం, రెండూ తీసినవాళ్లలో 3.5 శాతం. షుగర్, ఊబకాయం రెండూ ఉన్న మనిషికి రెండు ధమనులూ వాడాలా వద్దా అని సర్జన్లు అంతగా ఆలోచించేది ఇందుకే. ధమనిని చుట్టూ ఉన్న కండరం, కొవ్వుతో సహా కాకుండా విడిగా ఒలిచి తీస్తే ఎముకకు కాస్త రక్తం మిగులుతుంది.

దీనికి తోడు హార్ట్ లంగ్ మెషీన్, అంటే ఆపరేషన్ సాగేంతసేపు గుండె, ఊపిరితిత్తుల పని చేసే యంత్రం. రక్తమంతా ప్లాస్టిక్ గొట్టాల గుండా తిరిగి వస్తుంటే శరీరం దాన్ని దాడిగానే తీసుకుంటుంది, ఒళ్లంతా ఇన్‌ఫ్లమేషన్, అంటే వాపు లాంటి రక్షణ స్పందన, రేగుతుంది, తెల్లకణాలు అవసరం లేనిచోట రెచ్చిపోయి తీరా అవసరం వచ్చేసరికి మందగిస్తాయి. చాలా ఆపరేషన్లలో శరీరాన్ని చల్లబరుస్తారు, దానివల్ల చర్మానికి రక్తం తగ్గుతుంది. ఒత్తిడి హార్మోన్ల వల్ల షుగర్ లేనివాళ్లకు కూడా గ్లూకోజ్ పైకి లేస్తుంది, గ్లూకోజ్ ఎక్కువగా ఉన్న రక్తంలో తెల్లకణాలు బ్యాక్టీరియాను మింగి చంపే పని సరిగ్గా చేయలేవు. ఇదేదో పుస్తకాల్లో మాత్రమే ఉండే సంగతి కాదు. అమెరికాలోని పోర్ట్‌లండ్‌లో షుగర్ ఉన్న రోగులకు ఇన్సులిన్‌ను అప్పుడప్పుడూ ఇంజెక్షన్‌గా ఇచ్చే పద్ధతి మానేసి రక్తనాళం ద్వారా ఆగకుండా ఎక్కించడం మొదలుపెట్టాక, లోతైన స్టెర్నమ్ ఇన్ఫెక్షన్లు 2 శాతం నుంచి 0.8 శాతానికి పడిపోయాయని 1999లో ప్రచురించారు. ఇప్పుడు ఆపరేషన్ రోజునా ఆ తర్వాతా గ్లూకోజ్‌ను 180 లోపు ఉంచమని మార్గదర్శకాలు చెప్తాయి.

రక్తం ఎక్కించడం కూడా ఈ లెక్కలోకి వస్తుంది. గుండె ఆపరేషన్ రోగులను వెంటబెట్టుకుని చూసిన ఒక పెద్ద అధ్యయనంలో ఎర్రకణాల యూనిట్ ఒక్కొక్కటి పెరిగేకొద్దీ పెద్ద ఇన్ఫెక్షన్ ముప్పు 29 శాతం చొప్పున పెరుగుతూ పోయింది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఎక్కువ రక్తం ఎవరికి పడుతుంది? ఆపరేషన్ కష్టమైనవాళ్లకు, రక్తస్రావం ఆగక మళ్లీ ఛాతీ తెరవాల్సి వచ్చినవాళ్లకు, ముందునుంచే రక్తహీనత ఉన్నవాళ్లకు. వాళ్లకు ఇన్ఫెక్షన్ ముప్పు ఎలాగూ ఎక్కువే. కాబట్టి ఆ 29 శాతం మొత్తాన్నీ రక్తం సంచి నెత్తిన రుద్దడం న్యాయం కాదు. అవసరం లేని యూనిట్ ఎక్కించొద్దన్న మాట మాత్రం నిలుస్తుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, లోపల వదిలేసే వస్తువులు ఒక ఎత్తు. స్టీలు వైర్లు, కృత్రిమ వాల్వ్, కృత్రిమ రక్తనాళం, తాత్కాలిక పేస్‌మేకర్ వైర్లు. 1957లో ఎలెక్, కోనెన్ అనే పరిశోధకులు వలంటీర్ల చర్మం మీద చేసిన ప్రయోగం ఇప్పటికీ వైద్య పాఠాల్లో వస్తుంటుంది. చర్మంలోకి ఆరియస్‌ను ఊరికే ఎక్కిస్తే చీము పట్టడానికి లక్షల్లో కావాలి, అదే అక్కడ ఒక పట్టుదారం కుట్టు ఉంటే కొన్ని వందలు చాలు. పరాయి వస్తువు ఉన్నచోట శరీరం రక్షణ అంతగా పడిపోతుంది.

స్టాఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్ లాంటి నెమ్మది జాతులు బతికేది ఆ లోటు మీదే. ఇది దాదాపు ప్రతి మనిషి చర్మం మీదా ఉంటుంది, మామూలుగా ఎవరినీ ఏమీ చేయదు. వైరు మీదో వాల్వ్ మీదో అతుక్కుంటే మాత్రం చుట్టూ జిగురు పొర అల్లుకుంటుంది, దాన్నే బయోఫిల్మ్ అంటారు. ఆ పొర లోపల ఉన్నవి మెల్లగా పెరుగుతాయి, వేగంగా పెరిగేవాటిని చంపడంలో దిట్టలైన యాంటీబయాటిక్‌లు వాటి మీద సరిగ్గా పనిచేయవు. ఆరియస్ ఇన్ఫెక్షన్ అయితే జ్వరం, చీము, ఎరుపుతో హడావుడిగా బయటపడుతుంది. ఎపిడెర్మిడిస్‌ది అలా కాదు. జ్వరం ఉండీ ఉండనట్టు ఉంటుంది, ఎముక సరిగ్గా అతుక్కోదు, దగ్గినప్పుడు ఛాతీలో కటుక్కుమంటుంది, గాయంలోంచి కొంచెం కొంచెంగా నీరు కారుతుంది. చాలా రోజులు కుట్టు దగ్గర చిన్న తేమలే అని సరిపెట్టుకునేది దీని విషయంలోనే.

ఐసీయూలో ఒక్కో రోజు గడిచేకొద్దీ

ఆపరేషన్ టేబుల్ మీద ఉన్నప్పటి బ్యాక్టీరియా, వారం తర్వాత అదే మనిషి ఒంటిమీద ఉండే బ్యాక్టీరియా ఒకటి కావు. ఆరోగ్యంగా ఉన్న నోట్లో ఎక్కువగా స్ట్రెప్టోకాకస్ జాతులు ఉంటాయి. పెద్ద జబ్బు, యాంటీబయాటిక్‌లు, గొంతులో గొట్టం, మింగడం ఆగిపోవడం అన్నీ కలిసి కొన్ని రోజుల్లోనే ఆ జాతులను తోసేసి క్లెబ్సియెల్లా, సూడోమోనాస్, ఎంటెరోబ్యాక్టర్ లాంటి గ్రామ్ నెగెటివ్ (గ్రామ్ అనే రంగు పరీక్షలో ఊదా రంగు పట్టని) జాతులకు చోటు ఇస్తాయి. శ్వాస గొట్టం చివర గాలి నింపిన చిన్న బెలూన్ ఉంటుంది, దాని పైన ఊరిన లాలాజలం అంచుల పక్కగా చుక్కచుక్కగా ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. ముందు గొంతులో కాలనైజేషన్, తర్వాత శ్వాసనాళంలో కాలనైజేషన్, ఆ తర్వాత న్యుమోనియా. ఈ మెట్ల మీద ఎంత దూరం వెళ్తుందన్నది గొట్టం ఎన్ని రోజులు ఉందన్న దాని మీద బాగా ఆధారపడుతుంది.

గుండె ఆపరేషన్ అనగానే అందరూ ఛాతీ గాయానికి భయపడతారు, లెక్కలు చూస్తే ముందు నిలబడేది న్యుమోనియా. అమెరికా, కెనడాల్లోని 10 ఆసుపత్రుల్లో 5,158 మంది రోగులను గమనించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు 5 శాతం మందికి పెద్ద ఇన్ఫెక్షన్లు వచ్చాయి. వాటిలో న్యుమోనియా 2.4 శాతం మందికి, రక్తంలో ఇన్ఫెక్షన్ 1.1 శాతం మందికి, లోతైన గాయం ఇన్ఫెక్షన్ అర శాతం మందికి. వెంటిలేటర్ ఒకటి రెండు రోజుల పాటు సాగడం, ఆపరేషన్ ఎక్కువసేపు పట్టడం, ముందునుంచీ ఊపిరితిత్తుల జబ్బు ఉండటం, గ్లూకోజ్ పెరగడం ముప్పును పెంచాయి. సంఖ్యలు చిన్నవిగానే కనిపిస్తాయి, కానీ పెద్ద ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్లలో మరణం ముప్పు రానివాళ్లకంటే దాదాపు 10 రెట్లు.

నోటి శుభ్రత మీద మొదటి గట్టి ఆధారాలు కూడా గుండె ఆపరేషన్ రోగులనుంచే వచ్చాయి. 1996లో 353 మంది మీద చేసిన ట్రయల్‌లో క్లోర్‌హెక్సిడిన్‌తో నోరు కడిగితే శ్వాసకోశ ఇన్ఫెక్షన్లు సగానికంటే ఎక్కువగా తగ్గాయి. 2006లో ఆమ్‌స్టర్‌డామ్‌లో నోటికీ ముక్కుకీ రెండిటికీ క్లోర్‌హెక్సిడిన్ వాడి చూస్తే మొత్తం ఆసుపత్రి ఇన్ఫెక్షన్లు 26.2 శాతం నుంచి 19.8 శాతానికి దిగాయి. ఆ ఉత్సాహంతో ఐసీయూల్లో ఉన్న ప్రతి ఒక్కరికీ ఇది మొదలైంది. తీరా గుండె ఆపరేషన్‌తో సంబంధం లేని ఐసీయూ రోగుల లెక్కలు తీస్తే లాభం తేలకపోగా మరణాలు కొంచెం పెరుగుతున్నాయేమో అన్న అనుమానం వచ్చింది. 2022 నాటికి అమెరికా మార్గదర్శకాలు వెంటిలేటర్ రోగులకు బ్రష్‌తో పళ్లు తోమడమే చెప్పి, క్లోర్‌హెక్సిడిన్‌ను పక్కన పెట్టమన్నాయి. ఒక రకం రోగుల్లో పనిచేసిన చిట్కాను అందరికీ అంటగడితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

పేగుల సంగతి తక్కువగా మాట్లాడతారు. కార్బపెనెమ్‌లు అనే శక్తిమంతమైన యాంటీబయాటిక్‌లకు కూడా లొంగని క్లెబ్సియెల్లా లాంటివి పేగుల్లో నెలల తరబడి నిశ్శబ్దంగా ఉండగలవు. ఆసుపత్రుల్లో మలద్వారం దగ్గర స్వాబ్ తీసేది అవి ఉన్నాయేమో చూడటానికే. అది పాజిటివ్ వచ్చినంత మాత్రాన మందు పెట్టరు, పేగుల్లోంచి వాటిని తరిమేసే నమ్మకమైన మందు ఇప్పటికీ లేదు. ఆ రిపోర్టు రెండు పనులకు పనికొస్తుంది. ఆ రోగిని తాకే ముందు తర్వాత చేతులు, గౌను, గ్లౌజుల విషయంలో కట్టుదిట్టం చేయడానికి ఒకటి. రేపు ఆ మనిషికి హఠాత్తుగా జ్వరం వచ్చి బీపీ పడిపోతే కల్చర్ (ల్యాబ్‌లో బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్ష) ఫలితం వచ్చేదాకా ఏ మందుతో మొదలుపెట్టాలో ముందే తెలిసి ఉండటానికి ఇంకొకటి. గజ్జల్లో రక్తనాళంలోకి పెట్టిన లైను, మూత్రం గొట్టం, బైపాస్ కోసం సిర తీసిన కాలి గాయం, ఇవన్నీ పేగుల బ్యాక్టీరియాకు దగ్గర దారులు. కాలి సిరను పొడవాటి కోతతో కాకుండా చిన్న రంధ్రం నుంచి ఎండోస్కోప్‌తో తీస్తే కాలి గాయం ఇన్ఫెక్షన్లు బాగా తగ్గుతాయి.

తగ్గించడానికి చేసేవి, పనిచేయనివి

ముక్కులో ఉన్న ఆరియస్‌ను ముందే తుడిచేస్తే? మ్యుపిరోసిన్ అనే ఆయింట్‌మెంట్ ముక్కులో రోజుకు రెండుసార్లు, 5 రోజులు, దానితోపాటు క్లోర్‌హెక్సిడిన్ స్నానం. 2002లో వచ్చిన పెద్ద ట్రయల్‌లో పరీక్ష ఫలితంతో పని లేకుండా ఆపరేషన్ రోగులందరికీ మ్యుపిరోసిన్ ఇచ్చారు, ఆరియస్ వల్ల వచ్చే గాయం ఇన్ఫెక్షన్లు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. కానీ అదే ట్రయల్‌లో ముక్కులో ఆరియస్ ఉన్నవాళ్లను విడిగా చూస్తే ఆసుపత్రిలో వచ్చే ఆరియస్ ఇన్ఫెక్షన్లు 7.7 శాతం నుంచి 4 శాతానికి తగ్గాయి. 2010లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఆ సూచనను పట్టుకున్నారు. ఆసుపత్రిలో చేరగానే వేగంగా ఫలితం ఇచ్చే పీసీఆర్ పరీక్ష చేసి, ఆరియస్ ఉన్నవాళ్లకే చికిత్స ఇచ్చారు. ఆ ట్రయల్‌లో ఆరియస్ ఇన్ఫెక్షన్లు 7.7 శాతం నుంచి 3.4కు పడ్డాయి, లోతైన గాయం ఇన్ఫెక్షన్లలో తగ్గుదల ఇంకా ఎక్కువ. ముక్కులో మందు అదే, క్లోర్‌హెక్సిడిన్ సబ్బు స్నానం తోడైంది, ఎవరికి ఇచ్చారన్నది ముఖ్యమైన తేడా.

మ్యుపిరోసిన్ తర్వాత బ్యాక్టీరియా శాశ్వతంగా పోదు, చాలామందిలో నెలల్లో మళ్లీ వచ్చి చేరుతుంది. మరి ఎందుకీ శ్రమ అంటే, ఛాతీ తెరిచి ఉన్న ఆ కొన్ని గంటలు, గాయం మూసుకునే ఆ కొన్ని రోజులు దాటితే చాలు. అత్యవసరంగా ఆపరేషన్ చేయాల్సి వస్తే 5 రోజులు ఆగలేరు, అప్పుడు ముందే మొదలుపెట్టి ఆపరేషన్ తర్వాత కూడా కొనసాగిస్తారు. అందరికీ విచ్చలవిడిగా వాడితే మ్యుపిరోసిన్‌కు కూడా లొంగని ఆరియస్ పుట్టుకొస్తుంది, కాబట్టి వీలున్నచోట పరీక్ష చేసి ఇవ్వడమే మేలు.

ఆపరేషన్‌కు ముందిచ్చే యాంటీబయాటిక్ విషయంలో సమయానిదే అసలు పాత్ర. మామూలుగా ఇచ్చే సెఫజోలిన్‌ను కోత పెట్టడానికి ముందు 60 నిమిషాల లోపు ఇవ్వాలి, ఆపరేషన్ సాగితే మళ్లీ దాదాపు 4 గంటలకు ఇంకో డోసు. ముక్కులో ఎంఆర్ఎస్ఏ, అంటే మెథిసిలిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగని ఆరియస్, ఉన్నట్టు తేలితే వ్యాంకోమైసిన్ అనే ఇంకో యాంటీబయాటిక్ చేరుస్తారు, దాన్ని మెల్లగా ఎక్కించాలి కాబట్టి రెండు గంటల ముందే మొదలవుతుంది. వ్యాంకోమైసిన్ పెద్ద మందు కదా, అందరికీ అదే ఇస్తే పోలేదా అంటే కుదరదు. మామూలు ఆరియస్ మీద అది సెఫజోలిన్ అంత బాగా పనిచేయదు, గ్రామ్ నెగెటివ్ జాతుల మీద అసలు పనిచేయదు. ముక్కు రిపోర్టు చేతిలో ఉంటేనే ఈ నిర్ణయం సరిగ్గా జరుగుతుంది.

ఇక ఎన్ని రోజులు ఇవ్వాలన్న తగాదా. ఛాతీలో డ్రెయిన్లు (లోపలి ద్రవాన్ని బయటికి తీసే గొట్టాలు) ఉన్నాయి, వాల్వ్ పెట్టాం, ఇంకో నాలుగు రోజులు సాగిద్దాం అన్న ఆలోచన సహజమే. దాని లాభాన్ని వెతికినవాళ్లకు లాభం దొరకలేదు. 2000లో సర్క్యులేషన్ పత్రికలో వచ్చిన అధ్యయనంలో 2,641 మంది బైపాస్ రోగుల్ని చూస్తే, 48 గంటలు దాటి యాంటీబయాటిక్ ఇచ్చినవాళ్లకు గాయం ఇన్ఫెక్షన్లు తగ్గలేదు, మందులకు లొంగని బ్యాక్టీరియా దొరకడం మాత్రం పెరిగింది. ఎందుకో ఊహించడం కష్టం కాదు. మందుకు లొంగేవి చచ్చిపోతాయి, లొంగనివి ఖాళీ అయిన చోటంతా ఆక్రమిస్తాయి, వారం తర్వాత ఏదైనా గొట్టం ద్వారా ఇన్ఫెక్షన్ వస్తే అది వాటివల్లే వస్తుంది. పేగుల్లో మంచి బ్యాక్టీరియా పోతే క్లాస్ట్రిడియోయిడీస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా తెచ్చే విరేచనాలు ఉండనే ఉన్నాయి. నివారణ కోసం ఇచ్చే యాంటీబయాటిక్‌ను 48 గంటలకు మించి లాగడం జాగ్రత్త అనిపించుకోదు, వచ్చే వారం ఇన్ఫెక్షన్‌ను కష్టం చేసుకోవడమే. ఇన్ఫెక్షన్ నిజంగా వచ్చినప్పుడు వారాల తరబడి ఇచ్చే చికిత్స వేరు, దాన్ని దీనితో కలపకూడదు.

బాగా అనిపించి తేలిపోయిన ఆలోచనలూ ఉన్నాయి. కోసిన ఎముక మధ్య జెంటామైసిన్ నింపిన కొల్లాజెన్ స్పాంజి పెడితే మందు నేరుగా అక్కడే పనిచేస్తుంది కదా అనుకున్నారు. స్వీడన్‌లో తొలి ఫలితాలు ఆశ పెట్టాయి కూడా. అమెరికాలో షుగర్ లేదా ఊబకాయం ఉన్న 1,502 మంది మీద ట్రయల్ చేస్తే స్పాంజి పెట్టినవాళ్లకు 8.4 శాతం, పెట్టనివాళ్లకు 8.7 శాతం ఇన్ఫెక్షన్లు, అంటే తేడా ఏమీ లేదు. ఆరియస్‌కు టీకా ప్రయత్నం ఇంకా చేదుగా ముగిసింది. మెర్క్ కంపెనీ తయారుచేసిన వీ710 టీకాను స్టెర్నమ్ కోసి ఆపరేషన్ చేయించుకోబోతున్న 8 వేల మందికి పైగా వలంటీర్ల మీద పరీక్షించారు. ఇన్ఫెక్షన్లు తగ్గలేదు. పైగా ఆరియస్ ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్లలో టీకా తీసుకున్నవాళ్లే ఎక్కువమంది చనిపోయారు. ట్రయల్‌ను మధ్యలోనే ఆపేశారు, 2013లో ఫలితాలు బయటపెట్టారు.

రోగినుంచి రాని ఒక బ్యాక్టీరియా

అన్నీ రోగి ఒంటినుంచే వస్తాయని చెప్పలేం. పక్క మంచం రోగినుంచి సిబ్బంది చేతుల మీదుగా వచ్చేవి ఎప్పుడూ ఉన్నాయి. అసలు వింత కేసు మాత్రం మైకోబ్యాక్టీరియమ్ కిమేరాది. హార్ట్ లంగ్ మెషీన్‌లో రక్తాన్ని చల్లబరచడానికి, వేడి చేయడానికి పక్కన నీళ్ల ట్యాంకు ఉన్న హీటర్ కూలర్ యంత్రం ఉంటుంది. ఆ నీళ్లు రోగి రక్తాన్ని ఎక్కడా తాకవు, అందుకే చాలాకాలం ఎవరూ దాన్ని అనుమానించలేదు. ట్యాంకులో పెరిగిన బ్యాక్టీరియా యంత్రం ఫ్యాను గాలితో సన్నటి తుంపరగా లేచి తెరిచి ఉన్న ఛాతీలో పడింది. జ్యూరిచ్ డాక్టర్లు దీన్ని ముందు పట్టుకున్నారు, తర్వాత చాలా దేశాల్లో కేసులు తేలాయి. వేర్వేరు దేశాల నమూనాలకు జన్యు పరీక్ష చేస్తే చాలావరకు ఒకే మూలానికి చెందినవని, జర్మనీలోని తయారీ కేంద్రంలోనే యంత్రాల్లోకి చేరి ఉంటుందని తేలింది. ఇది క్షయ కుటుంబానికి చెందిన మెల్లటి బ్యాక్టీరియా. ఆపరేషన్ అయిన నెలలకో, కొన్నేళ్లకో అలసట, బరువు తగ్గడం, రాత్రి చెమటలు మొదలవుతాయి, మామూలు కల్చర్లలో ఏమీ పెరగదు. అప్పటినుంచి ఆ యంత్రాలను ఆపరేషన్ టేబుల్‌కు దూరంగా, వీలైతే థియేటర్ గది బయటే పెట్టమంటున్నారు.

రిపోర్టు చేతికి వచ్చాక, ఇంటికి వెళ్లాక

మళ్లీ ఆ కఫం రిపోర్టు. క్లెబ్సియెల్లా పెరిగింది సరే, మనిషి ఎలా ఉన్నాడు? ఎక్స్‌రేలో కొత్త మచ్చ ఉందా, ఆక్సిజన్ అవసరం పెరిగిందా, కఫం చిక్కబడిందా, జ్వరం, తెల్లకణాలు పెరుగుతున్నాయా? ఇవేవీ లేకుండా కాగితం మీద పేరు ఒక్కటే ఉంటే చాలామంది డాక్టర్లు ఆగి చూస్తారు, అది నిర్లక్ష్యం కాదు. మొదటి 48 గంటల్లో వచ్చే జ్వరం చాలావరకు ఆపరేషన్ రేపిన ఇన్‌ఫ్లమేషన్ వల్లే వస్తుంది. మూడో రోజు తర్వాత కొత్తగా మొదలైన జ్వరాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. గొట్టాలు, లైన్లు ఇంకా అవసరమా అని రోజూ అడగడం ఇంట్లోవాళ్లు కూడా చేయగలిగిన పని, మొహమాటపడాల్సిన పని లేదు.

పైన చెప్పిన 5,158 మంది అధ్యయనంలో పెద్ద ఇన్ఫెక్షన్లలో 43 శాతం డిశ్చార్జి అయ్యాకే బయటపడ్డాయి. లోతైన స్టెర్నమ్ ఇన్ఫెక్షన్ సాధారణంగా మొదటి రెండు మూడు వారాల్లో తలెత్తుతుంది, అప్పటికి చాలామంది ఇంట్లోనే ఉంటారు. తగ్గుతూ వచ్చిన ఛాతీ నొప్పి మళ్లీ పెరగడం, దగ్గినప్పుడూ పక్కకు తిరిగినప్పుడూ ఎముక కదిలినట్టు ఉండటం, గాయం నుంచి కొత్తగా నీరో చీమో కారడం, చుట్టూ ఎరుపు పాకడం, చలి జ్వరం, వీటిలో ఏది వచ్చినా ఫోన్లో మందు అడిగి సరిపెట్టుకోకుండా ఆపరేషన్ చేసిన టీమ్‌కు గాయాన్ని చూపించాలి. పైన చర్మం మీద చిన్న రంధ్రంలా కనిపించేది లోపల ఎముకదాకా ఉండొచ్చు. అలా లోతుకు పోయిందని తేలితే ఛాతీ మళ్లీ తెరిచి శుభ్రం చేయడం, గాలి పీల్చే వాక్యూమ్ డ్రెసింగ్ వేయడం, అవసరమైతే ఛాతీ కండరంతో కప్పడం చేయాల్సి వస్తుంది, యాంటీబయాటిక్ ఒక్కటే చాలదు.

కృత్రిమ వాల్వ్ ఉన్నవాళ్లకు ఇంకో మాట అదనం. వాల్వ్ మీద ఇన్ఫెక్షన్ మొదటి ఏడాదిలో ఎక్కువ, ఆ తర్వాత తగ్గినా పూర్తిగా పోదు. కారణం తెలియని జ్వరం రోజుల తరబడి ఉంటే మందుల షాపులో యాంటీబయాటిక్ కొని వేసుకోవడం వాళ్లు చేయగల అతి పెద్ద పొరపాటు. రెండు మాత్రలకు జ్వరం దిగుతుంది, వాల్వ్ మీద ఉన్నది అలాగే ఉంటుంది. తర్వాత రక్తం కల్చర్‌కు పంపితే ఏమీ పెరగదు, ఏ బ్యాక్టీరియాతో పోరాడుతున్నారో తెలియకుండా వారాల చికిత్స మొదలుపెట్టాల్సి వస్తుంది. ముందు వేర్వేరుచోట్ల గుచ్చి కనీసం రెండు మూడు సార్లు రక్తం కల్చర్‌కు తీయాలి, మొదటి యాంటీబయాటిక్ డోసు ఆ తర్వాతే.